అనుమతి లేని అంతస్తులు, అద్దెకున్న ఆడవాళ్ళు

(మహిళా కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగానికి రాత రూపం)



ఈ తరగతుల్లో నాకిచ్చిన అంశం చూసి పొద్దున టీ దగ్గర ఒక కార్యకర్త నవ్వుతూ అడిగింది, "అక్కా, గృహహింస గురించి, ఆస్తిహక్కు గురించి మాట్లాడేదానివి, పెంట్‌హౌస్‌ల గురించి ఏం మాట్లాడతావు? అది ఇంజనీర్ల పని కదా!" అని. కొన్నేళ్ళ క్రితం వరకూ నేనూ అలాగే అనుకున్నాను. ఇల్లు అనగానే మనం అడిగే ప్రశ్నలు వేరు. పట్టా ఎవరి పేరున ఉంది, ఆమెను ఇంట్లోంచి గెంటేశారా, కూతురికి వాటా ఇచ్చారా అని అడుగుతాం. ఆ ఇంటి మెట్లు ఎంత వెడల్పు, కిటికీ గ్రిల్లు లోపలినుంచి తెరుచుకుంటుందా అని ఎన్నడూ అడగలేదు.

అడగక తప్పని పరిస్థితి ఒకే ఇంటినుంచి వచ్చిన ఇద్దరు స్త్రీల వల్ల వచ్చింది. ఇద్దరూ పది రోజుల తేడాతో మా ఆఫీసుకు వచ్చారు. ఒకరి మీద ఒకరు ఫిర్యాదు చెయ్యడానికి వచ్చారు. మొదట వచ్చినామె ఇంటి యజమానురాలు. ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేసి రిటైరయింది, భర్త కరోనా రెండో విడతలో, 2021లో పోయాడు. రెండో ఆమె ఆ ఇంటి పైన పెంట్‌హౌస్‌లో అద్దెకుంటోంది. భర్త వదిలేసి వెళ్ళాడు, ఇద్దరు పిల్లలు, బ్లౌజులు కుట్టి బతుకుతోంది. మనం ఎవరి పక్షం వహించాలి? ఆ ప్రశ్న మా సంస్థలో పెద్ద తగువే తెచ్చింది. అందుకే ఆ ఇంటి కథ కొంచెం వివరంగా చెప్తాను.

హైదరాబాదులో కోచింగ్ సెంటర్లున్న ఒక పేటలో 200 గజాల స్థలం. ఆమె జీతం మీద అప్పు తీసి కొన్నది. రిజిస్ట్రేషను ఆమె పేరు మీదే. 2009లో కట్టారు. ప్లాను గ్రౌండు, పైన రెండంతస్తులకు. కింద పార్కింగు. కట్టింది మాత్రం మూడంతస్తులు, దాని మీద పెంట్‌హౌస్. "ఆ వీధిలో అందరూ వేసుకున్నారమ్మా, వేసుకోనివాడే పిచ్చోడన్నారు" అంది. ఎవరు నిర్ణయించారు అంటే భర్త, మేస్త్రీ. ఆమె చేసిందేమిటి అంటే సంతకాలు. బ్యాంకు కాగితాల మీద, మునిసిపల్ కాగితాల మీద, అఫిడవిట్ల మీద. ఇవాళ నోటీసు వచ్చింది ఆమె పేరునే.

తర్వాత కొన్నాళ్ళకు పార్కింగులో రెండు వైపులా గోడలు పెట్టి ఒక మెస్సు, ఒక జిరాక్సు షాపు చేశారు. రెండో, మూడో అంతస్తులు ఒక హాస్టలు నిర్వాహకుడికి లీజుకిచ్చారు. అతను రెండు బెడ్‌రూముల పోర్షన్లను ప్లైవుడ్ చెక్కలతో ఏడేసి గదులు చేశాడు. హాలు మూడు ముక్కలయింది. బాల్కనీ మూసి ఒక గది, వంటింట్లో ఒక గది. రెండంతస్తుల్లో కలిపి 48 మంచాలు. ఒక్కో గదికి ఒక ఎక్స్‌టెన్షన్ బోర్డు, దానికి నాలుగు ఫోన్లు, ఒక ఇస్త్రీపెట్టె, దొంగచాటుగా ఒక ఇండక్షన్ స్టవ్వు. ఇంటికి మెట్లు ఒక్కటే. ఆ మెట్ల కింద మెస్సువాళ్ళ గ్యాసు సిలిండర్లు. నేను వెళ్ళిన రోజు తొమ్మిది లెక్కపెట్టాను.

కొడుకు అమెరికాలో ఉంటాడు. ఈ సంగతి చెప్పడం అతన్ని నిందించడానికి కాదు, ఈ రోజుల్లో మన ఊళ్ళలో అద్దె ఇళ్ళ వ్యవహారం ఎలా నడుస్తోందో తెలియడానికి. డబ్బు అక్కడినుంచి వస్తుంది, లెక్కలు అక్కడ వేస్తారు, ఇక్కడ మేస్త్రీతో, మునిసిపాలిటీతో, అద్దెకున్నవాళ్ళతో తలపడేది తల్లో, చెల్లెలో. హాస్టలు లీజు అయిపోవచ్చింది. ఇంటిని కొత్తగా చేయించి, లిఫ్టు పెట్టి, బాత్‌రూములు మార్చి, ఎక్కువ అద్దెకిద్దామని కొడుకు ఆలోచన. బ్యాంకులో అప్పు అడిగితే ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ తెమ్మన్నారు. అది ఎన్నడూ తీసుకోలేదు. అప్పు లేకుండానే పని మొదలు పెట్టించాడు. మేస్త్రీ జిరాక్సు షాపు షట్టరు వెడల్పు చెయ్యడానికి ఒక పిల్లరును ఒక వైపు నాలుగంగుళాలు చెక్కాడు. వారం తిరక్కుండా రెండో అంతస్తు బీములో పగులు కనిపించింది. హాస్టలు పిల్లల్లో ఒకమ్మాయి ఫోటో తీసింది. పక్కింటివాళ్ళు ఫిర్యాదు చేశారు. నోటీసు వచ్చింది.

నోటీసు రాగానే యజమానురాలు పెంట్‌హౌస్ ఆమెను వారంలో ఖాళీ చెయ్యమంది. ఆ అమ్మాయే ఫిర్యాదు చేయించిందని ఆమె అనుమానం. ఈమేమో, "నా అడ్వాన్సు మింగడానికే నోటీసు పేరు చెప్తోంది" అంటుంది. ఒకరికి పింఛను మీద వచ్చే అద్దె తప్ప వేరే ఆధారం లేదు, రెండో ఆమెకు ఆ రేకుల గది తప్ప వేరే గూడు లేదు. ఇద్దరి మాటా అబద్ధం కాదు.

మా సంస్థలో కొందరు, "యజమాని యజమానే, అక్రమంగా కట్టి అద్దెలు తిన్నది, మనం అద్దెకున్నామె పక్షం" అన్నారు. ఇంకొందరు, "ఒంటరి స్త్రీ ఆస్తి కూలగొడుతుంటే చూస్తూ ఊరుకుంటామా" అన్నారు. ఈ రెండు వాదనల్లోనూ 48 మంది అమ్మాయిల ఊసు లేదని మాకు తట్టడానికి రెండు సమావేశాలు పట్టింది. వాళ్ళు మా దగ్గరికి రాలేదు కదా! వచ్చినవాళ్ళ సమస్యే సమస్య అనుకోవడం మనకు అలవాటు.

అసలు ఇన్ని అక్రమ అంతస్తులు ఎలా లేచాయి? లంచం అని ఒక్కమాటలో తేల్చేస్తాం. లంచం ఉంది. దానితోపాటు ప్రభుత్వాలే నేర్పిన పాఠం ఒకటుంది. 2007 డిసెంబరు 31న ఉమ్మడి రాష్ట్రంలో జి.ఓ. 901తో బి.పి.ఎస్. వచ్చింది. జరిమానా కడితే ప్లానుకు విరుద్ధంగా కట్టినదాన్ని క్రమబద్ధం చేస్తామన్నారు. ఇదే ఆఖరి అవకాశం అన్నారు. 2015లో తెలంగాణలో బి.ఆర్.ఎస్. వచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2019లో మళ్ళీ బి.పి.ఎస్. తెచ్చారు. ముందు కట్టు, తర్వాత కట్టు అన్నమాట, మొదటిది ఇల్లు, రెండోది జరిమానా. మన యజమానురాలి భర్త కూడా 2015లో దరఖాస్తు పెట్టాడు. ఆ పథకం కోర్టు కేసుల్లో చిక్కుకుని దరఖాస్తులు ఏళ్ళ తరబడి ఆగిపోయాయి. ఆ రసీదును ఆమె ప్లాస్టిక్ కవర్లో పెట్టి దాచుకుంది, అదే అనుమతి అనుకుంది.

ఇంకొక కాగితాన్ని కూడా మనవాళ్ళు అనుమతి అనుకుంటారు, ఆస్తి పన్ను రసీదును. అనుమతి లేని నిర్మాణానికి పన్ను మీద జరిమానా వేస్తారు, పూర్తి అంతస్తే అక్రమమైతే అది పన్నుకు సమానంగా, అంటే నూటికి నూరు శాతం దాకా ఉంటుంది. రెండింతలు కట్టాం కాబట్టి సక్రమమైపోయింది అనుకుంటారు. కాదు. కరెంటు మీటరు ఉన్నా, నల్లా కనెక్షను ఉన్నా, పన్ను రసీదు ఉన్నా అక్రమ నిర్మాణం అక్రమంగానే ఉంటుంది. మన దగ్గరికి ఇటువంటి స్త్రీలు వచ్చినప్పుడు మొదట అడగవలసినవి రెండే కాగితాలు: మంజూరైన ప్లాను, ఆక్యుపెన్సీ సర్టిఫికెట్. నాకు తెలిసినంతలో పదిమందిలో తొమ్మిదిమందికి భర్త ఆ ప్లాను ఎక్కడ పెట్టాడో కూడా తెలియదు.

ఇప్పుడు ప్రమాదాల సంగతి. పొరుగుదేశంలో, ఢాకా దగ్గర సావార్‌లో 2013 ఏప్రిల్ 24న రాణా ప్లాజా కూలింది. 1,134 మంది చనిపోయారు, వాళ్ళలో ఎక్కువమంది కుట్టుపని చేసే ఆడపిల్లలు. ఆ భవనాన్ని షాపులకు, ఆఫీసులకు కట్టారు. తర్వాత అనుమతి లేకుండా పై అంతస్తులు వేసి బరువైన యంత్రాలు, జనరేటర్లు పెట్టి ఫ్యాక్టరీలు నడిపారు. మనం గుర్తుంచుకోవలసింది ముందురోజు జరిగిందాన్ని. ఏప్రిల్ 23న గోడల్లో పగుళ్ళు బయటపడ్డాయి. కింద ఉన్న బ్యాంకు తన ఉద్యోగుల్ని రావద్దంది. షాపులు మూసేశారు. కుట్టుపని చేసే అమ్మాయిల్ని మాత్రం మర్నాడు పనిలోకి రమ్మన్నారు. అంటే పగులు అందరికీ కనిపించింది. దాన్ని చూసి వెనక్కి వెళ్ళే హక్కు కొందరికే ఉంది.

2010 నవంబరులో ఢిల్లీ లక్ష్మీనగర్‌లో కూలినది అచ్చంగా అద్దెల కోసం పెంచుతూ పోయిన ఇల్లే. వలస కూలీలు, ఇళ్ళల్లో పనిచేసే స్త్రీలు ఒక్కో గదిలో కుటుంబానికి కుటుంబం ఉండేవారు. సుమారు 70 మంది పోయారు. హైదరాబాదు నానక్‌రాంగూడలో 2016 డిసెంబరులో కడుతూ ఉన్న ఏడంతస్తుల భవనం రాత్రిపూట కూలి 11 మంది చనిపోయారు. వాళ్ళు ఆ భవనం కడుతూ, అందులోనే బస చేస్తున్న కూలీలు, వాళ్ళ కుటుంబాలు.

కూలిపోవడం కన్నా మన ఊళ్ళలో ఎక్కువగా జరుగుతున్నది పొగ. 2023 మార్చి 16 సాయంత్రం సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్సులో మంటలు లేచాయి. ఐదో అంతస్తులో ఒక ఆఫీసులో పనిచేస్తున్న ఆరుగురు పొగకు ఊపిరాడక చనిపోయారు. నలుగురు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు. అందరూ ఇరవైల్లో ఉన్న పిల్లలు, జిల్లాల నుంచి ఉద్యోగం వెతుక్కుంటూ నగరానికి వచ్చినవాళ్ళు. అదే ఏడాది నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్టుమెంటు కింది భాగంలో నిలవచేసిన రసాయనాలు అంటుకుని తొమ్మిదిమంది పోయారు. వాళ్ళు పైన కాపురాలుంటున్నవాళ్ళు. 2025 మే 18 తెల్లవారుజామున చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒకే కుటుంబానికి చెందిన 17 మంది, వాళ్ళలో పసిపిల్లలు కూడా, బయటపడే దారిలేక చనిపోయారు. పార్కింగు జాగా గోదాము కావడం, మెట్లు ఇరుకుగా ఒక్కటే ఉండడం, ఇవి పేపర్లో చదివితే సాంకేతిక వివరాల్లా ఉంటాయి.

నేను ముఖ్యంగా చెప్పదలచుకున్నది మహిళా హాస్టళ్ళ గురించి. 2024 సెప్టెంబరులో మధురైలో ఒక మహిళా హాస్టల్లో ఫ్రిజ్ పేలి మంటలు వచ్చి ఇద్దరు స్త్రీలు చనిపోయారు. ఆ భవనం ఖాళీ చెయ్యమని నగరపాలక సంస్థ అంతకుముందే నోటీసు ఇచ్చి ఉంది. నోటీసు యజమానికి ఇచ్చారు. అందులో పడుకునే అమ్మాయిలకు ఎవరు చెప్పాలి?

మన ఇంటి సంగతికొస్తే, ఆ హాస్టల్లో ప్రతి కిటికీకీ ఇనప గ్రిల్లు బిగించి ఉంది. బాల్కనీలకు నిలువెత్తు గ్రిల్లు. మెట్ల మొదట్లో కొలాప్సిబుల్ గేటు, రాత్రి తొమ్మిదిన్నరకు తాళం. తాళంచెవి వార్డెను దగ్గర, వార్డెను రాత్రి పడుకునేది రెండు వీధుల అవతల తన ఇంట్లో. ఎందుకలా అని అడిగితే ఆవిడ ఆశ్చర్యపోయింది. "ఆడపిల్లలు మేడం! తల్లిదండ్రులు అడిగేది మొదట అదే" అంది. నిజంగానే తల్లిదండ్రులు అడిగేది అదే. గేటుకు తాళం వేస్తారా, కిటికీలకు గ్రిల్లులున్నాయా, రాత్రి ఎవరన్నా బయటికి వెళ్తారా అని. మంటలొస్తే ఎటునుంచి దిగుతారు అని అడిగిన తండ్రి ఒక్కడూ లేడట. బయటి మగవాడి భయం చూపి ఆడపిల్లను లోపల పెట్టి తాళం వేసే ఆలోచనే ఇక్కడ ఇనుముతో బిగించి ఉంది. మనల్నీ మనం వదలిపెట్టుకోకూడదు. కొన్నేళ్ళ క్రితం మా సంస్థే మంచి హాస్టళ్ళ జాబితా ఒకటి తయారుచేసింది. అందులో "సురక్షితం" అని రాసిన హాస్టళ్ళన్నిటికీ మేము చూసిన గుర్తులు గ్రిల్లులు, వాచ్‌మన్, తాళం. ఆ జాబితా టైపు చేసినదాన్ని నేనే.

చట్టం సంగతి క్లుప్తంగా చెప్తాను. కూల్చివేతల మీద సుప్రీంకోర్టు 2024 నవంబరు 13న ఇచ్చిన తీర్పు మనకు ముఖ్యం. షోకాజ్ నోటీసు ఇవ్వకుండా కూల్చకూడదు. జవాబుకు 15 రోజులో, స్థానిక చట్టం ఇచ్చిన గడువో, ఏది ఎక్కువైతే అది ఇవ్వాలి. నోటీసును యజమానికో, అందులో ఉంటున్నవారికో రిజిస్టర్డ్ పోస్టులో పంపాలి, భవనానికీ అంటించాలి. వ్యక్తిగతంగా వినాలి. కొంత భాగమే అక్రమమైతే మొత్తం ఎందుకు కూల్చాలో ఉత్తర్వులో రాయాలి. ఉత్తర్వు తర్వాత ఇంకో 15 రోజులు ఆగాలి. రోడ్డు, ఫుట్‌పాత్, రైలుమార్గం పక్కన, నదులు, చెరువుల మీద కట్టిన వాటికి ఈ రక్షణ లేదు. నోటీసు గోడకు అంటించాలనే మాట అద్దెకున్నవాళ్ళకు పనికొస్తుంది. చాలాచోట్ల యజమాని తెల్లవారేసరికి ఆ కాగితం చింపేస్తాడు. కనిపించగానే ఫోటో తీసి పెట్టుకొమ్మని మన సంఘాల్లో చెప్పండి.

నెల దాటాక 2024 డిసెంబరు 17న అదే కోర్టు ఇంకో తీర్పులో, కంప్లీషన్ లేదా ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ చూడకుండా బ్యాంకులు అప్పులివ్వకూడదు, కరెంటు, నీటి కనెక్షన్లు ఇవ్వకూడదు అంది. న్యాయమే. కాని దాని ఫలితం ఏమిటో మన యజమానురాలి విషయంలో చూశాం. బాగుచేసుకోవడానికి బ్యాంకు అప్పు పుట్టదు. వడ్డీ వ్యాపారి ఇస్తాడు, లేదంటే చౌక మేస్త్రీ దొరుకుతాడు. చౌక మేస్త్రీ పిల్లరు చెక్కుతాడు. భద్రత కోసం చేసే మరమ్మతుకు ఏదో ఒక దారి ఉండాలి అని నా అభిప్రాయం. దీన్ని ఒప్పుకోని మిత్రులున్నారు, చర్చలో చెప్పండి.

అద్దెకున్నవాళ్ళ స్థితి ఇంకా అన్యాయం. 1960 నాటి అద్దె నియంత్రణ చట్టంలో 12వ సెక్షను ఉంది. మరమ్మతుల కోసం ఖాళీ చేయించాలంటే యజమాని రెంట్ కంట్రోలర్ దగ్గరికి వెళ్ళి అనుమతి తీసుకోవాలి. వినడానికి బాగుంది. కాని 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ ప్రాంతాల్లో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు ఆ చట్టం వర్తించదు. హైదరాబాదులో ఇవాళ 3,500కు ఏం దొరుకుతుంది? మన పెంట్‌హౌస్ ఆమే ఏడువేలు కట్టేది. ఇక మిగిలింది ఆస్తి బదలాయింపు చట్టం, అంటే నెలవారీ అద్దెకు 15 రోజుల నోటీసు. ఆంధ్రప్రదేశ్‌లో పాత చట్టం స్థానంలో 2017లో వేరే చట్టం వచ్చింది, అక్కడివాళ్ళు దాన్ని చూసుకోవాలి. హాస్టలు పిల్లలకైతే అద్దెదారు అనే హోదానే లేదు. మంచానికి డబ్బు కట్టినవాళ్ళను చట్టం అనుమతి మీద ఉంటున్నవాళ్ళుగానే చూస్తుంది. పరీక్షకు నెలముందు ఖాళీ చెయ్యమన్నా చేతిలో ఏమీ ఉండదు.

ఇంతకీ మేమేం చేశాం? మొదట ఒక స్ట్రక్చరల్ ఇంజనీరును పట్టుకున్నాం. ప్లాను గీసే లైసెన్సు ఇంజనీరు వేరు, స్ట్రక్చరల్ ఇంజనీరు వేరు, ఈ తేడా తెలుసుకోండి. ఆయన వచ్చి చూసి మా చర్చలన్నీ పక్కన పెట్టించాడు. ఆ రోజు సాయంత్రానికే చెక్కిన పిల్లరు పక్కన ఇనప జాకీలు పెట్టించాడు. పైన రెండు నీళ్ళ ట్యాంకులు ఖాళీ చేయించాడు. "వెయ్యి లీటర్లంటే టన్ను. మీ నెత్తిన ఐదు టన్నులుంది" అన్నాడు. ప్లానులో లేని ట్యాంకు, ప్లానులో లేని గది, టైల్సు మీద మళ్ళీ టైల్సు, ఇవన్నీ కింద పిల్లర్లే మొయ్యాలి. పాత ఇళ్ళలో, పిల్లర్లు లేకుండా గోడల మీదే స్లాబు వేసినవాటిలో, హాలు పెద్దది చేద్దామని గోడ తీయించడం ఇంకా ప్రమాదం. కొత్త యజమానులకు మొదట వచ్చే ఆలోచన అదే. పగులు కనిపిస్తే దాని మీద పెన్సిలుతో తేదీ వేసి, రెండు చివరలా గీత గీసి పెట్టమన్నాడు ఆయన. వారం తర్వాత గీత దాటిందో లేదో చూడాలి. ఇది ఏ చదువూ అక్కర్లేని పని, మన కార్యకర్తలందరూ నేర్చుకోవచ్చు.

పిల్లరు చుట్టూ కొత్త ఇనుముతో కాంక్రీటు కట్టించాలి, పెంట్‌హౌస్ తీసెయ్యాలి, కింద మూసిన పార్కింగు తెరవాలి అన్నది ఆయన నివేదిక. మూడో అంతస్తు నిలుస్తుంది, కాని దాని మీద ఇంకేం బరువూ వద్దు అన్నాడు. దాంతో మాకు ఒక దారి కనిపించింది. అక్రమం అన్నదంతా ఒకే రకం కాదు. పక్కన వదలాల్సిన జాగాలో రెండడుగులు జరగడం ఒక రకం. అది పొరుగువాడి గాలికీ వెలుతురుకూ సంబంధించింది, జరిమానాతో, బేరంతో తేలుతుంది. మెట్లు మూసెయ్యడం, పిల్లరు మొయ్యలేని బరువు పెట్టడం, సిలిండర్ల మీద మంచాలు వెయ్యడం ఇంకో రకం. అక్కడ ఏ స్త్రీ ఆస్తి, ఏ స్త్రీ గూడు అన్న వాదనకు తావులేదు. పెంట్‌హౌస్ పోవలసిందే అని ఆ కుట్టుపని ఆమెకు చెప్పవలసి వచ్చింది. చెప్పింది నేనే. "మీరూ ఓనరాంటీ మాటే చెప్తున్నారు" అంది. ఆ తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

సిలిండర్లు ఆ రోజే బయటికి పోయాయి. గ్రిల్లుల్లో అంతస్తుకు రెండు చొప్పున కోయించి, బందులు పెట్టించి, లోపలినుంచి గడియతో తెరుచుకునేలా చేయించాం. వెల్డింగు ఖర్చు మొత్తం మరమ్మతు ఖర్చులో లెక్కలోకి రానంత తక్కువ. గేటు తాళం స్థానంలో లోపలి గడియ. దీనికి వార్డెను కన్నా తల్లిదండ్రులు ఎక్కువ గొడవ చేశారు, ఒకాయన నల్లగొండ నుంచి వచ్చి మరీ దెబ్బలాడాడు. ప్లైవుడ్ చెక్కలు తీయించడానికి నిర్వాహకుడు ఒప్పుకోలేదు, లీజు వదులుకుని వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆ రెండంతస్తుల్లో 22 మంది ఉంటున్నారు, యజమానురాలే నడుపుతోంది.

ఒక మాట మర్చిపోతున్నాను, కూలిపని చేసిన స్త్రీల సంగతి. పెంట్‌హౌస్ పగలగొట్టిన నాలుగు రోజులూ ఆ రద్దంతా తట్టల్లో మోసి దించింది ముగ్గురు ఆడవాళ్ళు. నెత్తిన హెల్మెట్ లేదు, ముక్కుకు కొంగే అడ్డం. 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం పదిమందికి తక్కువ ఉన్న పనులకు వర్తించేది కాదు, పదిలక్షల లోపు సొంత ఇంటి పనికీ వర్తించేది కాదు. ఇప్పుడు దాన్ని లేబర్ కోడ్‌లలో కలిపేశారు. ఇంటి మరమ్మతు అంటే నలుగురైదుగురి పని. భద్రత కోసమని మేము చేయించిన పనిలోనే వాళ్ళకు భద్రత లేదు, మూడో రోజు దాకా మాకు కనిపించలేదు. ఆ తర్వాత హెల్మెట్లు తెప్పించాం, పని అప్పటికి చాలావరకు అయిపోయింది.

డబ్బు విషయం. కుట్టుపని ఆమెకు అడ్వాన్సు పూర్తిగా, రెండు నెలల అద్దె అదనంగా ఇప్పించాం. యజమానురాలు మొదట ఒప్పుకోలేదు. కొడుకుతో ఫోనులో మాట్లాడించాక, రాతపూర్వకంగా తీసుకుని ఇచ్చింది. ఆమె ఇప్పుడు ఉండేది పాత చోటికి రెండు బస్సుల దూరంలో, అద్దె రెండువేలు ఎక్కువ. పాత ఖాతాదారులు సగం పోయారు. ఇది గెలుపని నేను చెప్పను. హాస్టలు పిల్లల్లో బయటికి వెళ్ళిన 26 మందిలో మాకు నంబర్లు దొరికింది పదకొండు మందివి. వాళ్ళలో ఏడుగురు మళ్ళీ ప్లైవుడ్ గదుల్లోనే ఉన్నారు. చౌకగా దొరికేది అవే.

ఈ అనుభవం మీద మేము రెండు విజ్ఞప్తులు తయారు చేశాం. ఒకటి, భవనానికి నోటీసు ఇచ్చినప్పుడు అందులో ఉంటున్న ప్రతి పోర్షనుకూ, హాస్టలైతే ప్రతి గదికీ తెలుగులో నకలు ఇవ్వాలని. రెండోది, మహిళా హాస్టళ్ళను ప్రత్యేకంగా నమోదు చేసి తనిఖీ చేసే చట్టం కావాలని. తమిళనాడులో 2014లోనే స్త్రీల, పిల్లల హాస్టళ్ళ నియంత్రణకు చట్టం చేశారు. అది ఉండగానే మధురైలో ప్రమాదం జరిగింది కాబట్టి చట్టం ఒక్కటే చాలదని మీరంటారు, నేనూ ఒప్పుకుంటాను. చిత్తుప్రతి ఇంకా పూర్తి కాలేదు. హాస్టలు పిల్లలు ఫిర్యాదు చేస్తే మంచం పోకుండా ఎలా రాయాలో తెలియక అక్కడ ఆగింది.

ఆ నోటీసు, మేము రాయించిన జవాబు, ఇంజనీరు నివేదిక నకళ్ళు పది సెట్లు తెచ్చాను, పేర్లు కొట్టేసి ఉన్నాయి. జిల్లాకు ఒకటి తీసుకోండి. మధ్యాహ్నం బృందాలుగా కూర్చున్నప్పుడు ముందు ఆ చిత్తుప్రతిలో నాలుగో పేరా చూద్దాం.